ఆ రాయి మీద అంతే రాసుందా?

(ఈస్టర్ ముందు శనివారం, ఆంధ్ర సరిహద్దు పక్కన ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో సమాధుల తోట శుభ్రం చేశాక, సాయంత్రం గుడిలో పెద్దల జ్ఞాపకార్థ కూటం జరిగింది. అందులో సంఘానికి చెందిన ఒక రిటైర్డ్ నర్సు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, అప్పలకు, అన్నలకు, పిల్లలకు, అందరికీ ప్రభువు పేరట వందనాలు.

పొద్దున్నుంచి అందరూ కష్టపడ్డారు. ఇంకా కొందరి చేతులకి సున్నం అలాగే ఉంది. వెనక వరసలో తమ్ముళ్లు కడుక్కోకుండానే వచ్చి కూర్చున్నారు, ఫరవాలేదు, అలాగే కూర్చోండి. గడ్డి పీకాం, రాళ్లు కడిగాం, సున్నం కొట్టాం. రేపు తెల్లవారుజామున 4 గంటలకి కొవ్వొత్తులతో మళ్లీ వెళ్తాం. ఏటేటా చేసే పనే. ఇందాక పాస్టరు అయ్యగారు, ప్రభువునందు నిద్రించిన (చనిపోయిన) మన పెద్దల పేర్లన్నీ వరసగా చదివారు. వింటున్నారా మీరు? నిజంగా విన్నారా? ఒక్కో పేరు దగ్గర ఒక్కో ఇంటివాళ్లు తల ఎత్తారు. మిగతా పేర్లకి తల దించేశారు. నేనూ అంతే చేశాను. మా తాత పేరు, మా మామ్మ పేరు వచ్చినప్పుడు తలెత్తాను, తరవాత మళ్లీ నా ఆలోచనల్లోకి వెళ్లిపోయాను. దాని గురించే ఈ సాయంత్రం మాట్లాడాలని వచ్చాను.

పోయిన ఏడాది ఈస్టర్‌కి మా అమ్మాయి పిల్లల్ని తీసుకుని భువనేశ్వర్ నుంచి వచ్చింది. మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతుంది. బడిలో ఇంగ్లీషు, ఒడియా. తెలుగు అక్షరం రాదు. దాని తప్పు కాదు, మన పిల్లల్లో ఎంతమందికి వచ్చు చెప్పండి? చేతులెత్తమని అడగను, పిల్లలు బాధపడతారు. మేం చిన్నప్పుడు అక్షరాలు నేర్చుకున్నది ఈ గుడి అరుగు మీదే, ఆదివారం బడిలో. ఇసకలో వేలితో దిద్దించేవారు. ఇప్పుడు అరుగుంది, ఇసకుంది, దిద్దించేవాళ్లం లేం.

సరే, ఆ తెల్లవారుజామున కొవ్వొత్తి వెలుగులో అది మా తాత సమాధి ముందు నిలబడి, "అమ్మమ్మా, ఇక్కడ ఏం రాసుంది?" అని అడిగింది. చదివి చెప్పాను. పేరు. పుట్టిన సంవత్సరం 1904. ప్రభువునందు నిద్రించిన సంవత్సరం 1978. కింద ఒక వాక్యం ఎక్కడుందో రిఫరెన్సు. అది విని ఇంకా చూస్తూనే ఉంది. "ఆ రాయి మీద అంతే రాసుందా?" అంది.

అంతే రాసుందా అంటే ఏం చెప్పను? అంతే రాసుంది. డెబ్బై నాలుగేళ్లు బతికిన మనిషి, నాలుగు వరసలు. నాకు చటుక్కున యెహోషువ గ్రంథం నాలుగో అధ్యాయం గుర్తొచ్చింది. యొర్దాను దాటాక నది మధ్యలోంచి పన్నెండు రాళ్లు తెచ్చి పెట్టమన్నాడు దేవుడు. ఎందుకట? రేపు మీ పిల్లలు "ఈ రాళ్లెందుకు?" అని అడుగుతారు, అప్పుడు మీరు చెప్పాలి, అని. ఆ రాళ్ల మీద ఏదైనా చెక్కమన్నాడా? ఎక్కడా లేదు. చెప్పే పని రాయికి పెట్టలేదు, మనకి పెట్టాడు. పిల్ల అడగాల్సినది అడిగింది. చెప్పాల్సినదాన్ని నేను, ఆ చీకట్లో నోరు తెరిస్తే ఏం చెప్పాలో తోచలేదు. "మంచివాడు, భక్తిపరుడు" అన్నాను. అది చెప్పడమా? ఏ తాత గురించైనా ఆ మాటే అంటాం కదా.

ఇవాళ చెప్తాను. మా తాత గురించి చెప్తాను, మా మామ్మ గురించి చెప్తాను. వింటూ మీరు మీ తాతనీ మీ మామ్మనీ తలుచుకోండి. నావాళ్లు గొప్పవాళ్లని చెప్పడం లేదు. నాకు తెలిసినవాళ్లు వాళ్లే.

మా తాత రైల్వేలో గ్యాంగ్‌మన్. ఏ రైల్వే? మన బుల్లి రైలు. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజావారు వేయించిన చిన్న లైను, 1900లో మొదలైంది. 1931 నాటికి గుణుపురం దాకా వెళ్లింది. ఆ పొడిగించిన లైనుకి మట్టి మోసినవాళ్లలో మా తాత ఒకడు, తరవాత గ్యాంగులో పెట్టుకున్నారు. 2004లో ఆ బండి ఆగిపోయి పెద్ద లైను వేశారు, మీకందరికీ తెలుసు. బుల్లి రైలు ఎక్కినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఆ పట్టాల కింద కంకర మీద మా తాత చెమట ఉందని ఎక్కినప్పుడల్లా అనుకునేదాన్ని.

ఆయన 1927లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఇంట్లో మొట్టమొదటివాడు. మహేంద్రతనయ ఏటిలో, నడుం లోతు నీళ్లలో. అంతకు ముందు రాత్రి వాళ్లమ్మ, అంటే మా జేజమ్మ, తిట్టలేదట, కొట్టలేదట. ఒక్క మాట అడిగిందట. "ఒరే, రేపు నువ్వు పోతే నిన్ను మొయ్యడానికి నలుగురెవర్రా?" అంది. ఆ మాట ఎంత పెద్దదో ఆలోచించండి. ఆ రోజుల్లో కులంవాళ్లు వదిలేస్తే పెళ్లికి పిల్ల దొరకదు, చావుకి భుజం దొరకదు. తాత మాకు చాలాసార్లు చెప్పాడు: "నేను ఆకలికి భయపడలేదు, దెబ్బలకి భయపడలేదు. ఆ నలుగురి మాటకి మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు" అని. తెల్లారి ఏటికి వెళ్లాడు. వాళ్లమ్మకి జవాబు చెప్పకుండానే వెళ్లాడు, ఎందుకంటే జవాబు ఆయన దగ్గర లేదు.

ఈ సంగతి మీరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరకి వస్తాను.

మన విశ్వాసం ఎలా వచ్చిందంటే చాలామంది దొరలు తెచ్చారని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. దొరల కష్టాన్ని నేను తక్కువ చెయ్యను. కెనడా బాప్టిస్టు మిషన్‌వాళ్లు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టి, బొబ్బిలి, శ్రీకాకుళం, టెక్కలి, మన పర్లాకిమిడి దాకా వచ్చారు. వాళ్లలో కొందరి సమాధులు మన దేశంలోనే ఉన్నాయి. కానీ కాకినాడకి వాళ్లని రమ్మని పిలిచినవాడు థామస్ గాబ్రియేలు, తెలుగువాడు, అప్పటికే అక్కడ సువార్త చెప్తున్నవాడు. ఇంకా వెనక్కి వెళ్దాం. పురుషోత్తమ చౌదరి గారు. ఆయన కీర్తనలు పాడని తెలుగు సంఘం ఉందా? అవి గోదావరి జిల్లాల్లో పాడతారు, గుంటూరులో పాడతారు, రాయలసీమలో పాడతారు. మరి ఆయన పుట్టింది ఎక్కడ? 1803లో, మన పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో! బాప్తిస్మం తీసుకున్నది 1833లో, కటకంలో. బెంగాలీ మూలాలున్న కుటుంబం, తెలుగులో పాట, ఒడిశాలో బాప్తిస్మం. ఈ సరిహద్దు నేల అలాంటిది, ఒక్క భాషలో ఇమడదు. తెలుగులో బైబిలు మొత్తం అచ్చయింది 1854లో. అంటే ఆయన సువార్త చెప్పడం మొదలుపెట్టిన తొలి ఇరవై ఏళ్లూ చేతిలో సంపూర్ణ తెలుగు బైబిలు లేదు. లేకుండానే పాటలు కట్టాడు.

వీళ్ల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. మా మామ్మ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. మీ మామ్మల పేర్లూ లేవు. కానీ నాకు యేసు పేరు చెప్పింది ఎవరు? దొర చెప్పలేదు, నేను పుట్టేసరికి దొరలు తిరుగు ప్రయాణాల్లో ఉన్నారు. చెప్పింది మా మామ్మ. పొయ్యి దగ్గర కూర్చుని చెప్పింది.

పౌలు తిమోతికి రాస్తూ ఏమన్నాడు? ఆ విశ్వాసము మొదట నీ అవ్వయైన లోయిలోను నీ తల్లియైన యునీకేలోను వసించెను, అన్నాడు. అవ్వ అన్నాడు చూశారా. ఎంత పెద్ద అపొస్తలుడు, సంఘాలు కట్టినవాడు, చెరసాలలో కూర్చుని ఉత్తరం రాస్తూ ఒక కుర్రాడి అవ్వ పేరు గుర్తుపెట్టుకుని రాశాడు. లోయి బైబిలంతటిలో ఆ ఒక్క చోటే కనబడుతుంది. ఆవిడ ఏ ప్రసంగం చేసిందో లేదు, ఏ అద్భుతం చేసిందో లేదు. వసించెను, అంతే. విశ్వాసం ఆవిడలో కాపురం ఉంది. ఇంట్లో అవ్వ ఎలా ఉంటుందో అలా.

మా మామ్మది పాతపట్నం. ఇక్కడి నుంచి నడిచి వెళ్లే దూరం. 1929లో పెళ్లి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది, మనం ఇటు వచ్చాం, పాతపట్నం మద్రాసులో ఉండిపోయింది. ఆ తరవాత 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. మామ్మ ఇవేవీ లెక్కపెట్టలేదు. పండక్కి మూట నెత్తిన పెట్టుకుని పుట్టింటికి నడిచి వెళ్లేది, నడిచి వచ్చేది. బజారులో ఒడియా, ఇంట్లో తెలుగు. కొండ మీంచి చింతపండు, చీపుళ్లు తెచ్చే సవర ఆడవాళ్లతో వాళ్ల మాట నాలుగు ముక్కలు. వాళ్లు ఎండలో దిగి వస్తే ముందు మా అరుగు మీద కూర్చుని గంజి తాగి, తరవాతే సంతకి వెళ్లేవారు. వాళ్ల కోసం మామ్మ ఒక కంచు చెంబు వేరే పెట్టిందనుకుంటున్నారా? లేదు. మేం తాగే చెంబే. ఆ రోజుల్లో అది ఎంత మాటో ఇక్కడున్న పెద్దవాళ్లకి తెలుసు.

మామ్మకి చదువు రాదు. కానీ కీర్తనల గ్రంథంలో ముప్పై దాకా కంఠతా వచ్చు. బైబిలు స్త్రీ ఒకావిడ వారానికోసారి వచ్చి చెప్పేదట, మామ్మ బియ్యం చెరుగుతూ వింటూ వింటూ పట్టేసింది. 121వ కీర్తన ఆవిడకి ప్రాణం. "కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను, నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?" అని మహేంద్రగిరి వైపు చెయ్యి చూపించేది. చిన్నపిల్లని, దేవుడు మహేంద్రగిరి మీద ఉంటాడనే అనుకున్నాను చాలా ఏళ్లు. ఏరు ఆ కొండల్లోంచి వస్తుంది, చింతపండు ఆ కొండల్లోంచి వస్తుంది, సహాయం కూడా అక్కడి నుంచే వస్తుంది కాబోలు అనుకున్నాను. ఒకరోజు అడిగితే నవ్వింది. "ఆ కొండని చేసినవాడి దగ్గర్నుంచి వస్తుందే పిచ్చిదానా, రెండో వచనం వినలేదా?" అంది. యెహోవావలననే నాకు సహాయము కలుగును. నేను చదువుకున్నదాన్ని, మామ్మ వచనం నంబరుతో సహా చెప్పి నన్ను దిద్దింది.

ఇంకోటి, పిడికెడు బియ్యం. మీ ఇళ్లల్లో ఉండేది కదా? ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వెయ్యడం. ఆదివారం ఆ కుండ గుడికి తెచ్చేవారు. రోజూ రెండు పూటలా. కుండలో బియ్యం ఉంటే పిడికెడు తియ్యడం తేలిక. లేనప్పుడు? మా నాన్న చెప్పేవాడు, తాతకి జ్వరం వచ్చి నెలన్నర పనికి వెళ్లని కాలంలో అరువు తెచ్చిన బియ్యంలోంచి కూడా మామ్మ పిడికెడు తీసిందట. తాత చూసి, "అరువు బియ్యంలో దేవుడికేమిటే?" అన్నాడట. "అరువు మనకి, ఆయనకి కాదు" అందట మామ్మ. నాకు ఇప్పటికీ ఆ మాట పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైనట్టు ఉంటుంది, జారిపోతుంది. కానీ కుక్కరు పెట్టినప్పుడల్లా గుర్తొస్తుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి చెప్పాలి. మన పెద్దల గురించి మంచే చెప్పాలంటారు. నేను ఒప్పుకోను. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయం తీయండి. విశ్వాసవీరుల పట్టీ అంటాం కదా. అందులో ఎవరున్నారు? తండ్రిని మోసం చేసిన యాకోబు ఉన్నాడు. సమ్సోను ఉన్నాడు. యెఫ్తా ఉన్నాడు. దావీదు ఉన్నాడు. వాళ్ల తప్పులు బైబిలు దాచిందా? మనం ఎందుకు దాస్తాం? దాచేస్తే మన పిల్లలు ఏమనుకుంటారు, మా తాత దేవదూత, నేను మామూలు మనిషిని, నాకు ఆ విశ్వాసం రాదులే అనుకుంటారు.

మా తాతకి కోపం. ఆయనకీ, ఆయన వెనకే బాప్తిస్మం తీసుకున్న మా చిన్నతాతకీ ఇళ్ల మధ్య పనసచెట్టు దగ్గర తగువొచ్చింది. చెట్టు ఎవరి జాగాలో ఉందని. ఎన్నాళ్లు మాటల్లేవు? తొమ్మిదేళ్లు! తొమ్మిదేళ్లు ఇద్దరూ ఇదే గుడికి వచ్చారు. మగవాళ్ల చాపల మీద ఒకరు ముందు, ఒకరు తలుపు దగ్గర. మొదటి ఆదివారం ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం) ఇచ్చే ముందు తాత లేచి బయటికి వెళ్లిపోయేవాడు. సహోదరుడికి నీ మీద ఏదన్నా విరోధం ఉంటే ముందు వెళ్లి సమాధానపడి రమ్మని వాక్యం ఉంది కదా. సమాధానపడడం ఇష్టం లేదు, అలాగని అబద్ధంగా బల్ల తీసుకోవడమూ ఇష్టం లేదు. అందుకని బయట కూర్చునేవాడు. ఇందులో తప్పు ఉంది, నిజాయితీ కూడా ఉంది, రెండూ ఒకే మనిషివి. మామ్మ మాత్రం ఆ తొమ్మిదేళ్లూ పెరటి దారిన చిన్నతాత ఇంటికి వెళ్తూనే ఉంది. తోటికోడలి పురుళ్లు రెండూ మామ్మ చేతి మీదే జరిగాయి. తాతకి తెలుసా? తెలుసు. అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

ఒక బల్ల ఆదివారం, 1955లో, నేను పుట్టిన ఏడాది అది, తాత అలవాటు ప్రకారం లేచాడట. అందరూ బయటికి వెళ్తాడనుకున్నారు. తలుపు దాకా వెళ్లి, అక్కడ చాప చివర కూర్చున్న తమ్ముడి పక్కన కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. రొట్టె వచ్చింది, తీసుకుని విరిచి సగం తమ్ముడి చేతిలో పెట్టాడు. అంతే. ఆ ఎండాకాలం పనసకాయలు రెండిళ్లలోనూ వండారని మా నాన్న చెప్పేవాడు.

1978లో తాత పోయాడు. రాత్రి పోయాడు, తెల్లారేసరికి ఇంటి ముందు జనం. ఇప్పుడు ఆ జేజమ్మ మాట గుర్తు తెచ్చుకోండి. నలుగురెవర్రా అని అడిగింది కదా. ముందు భుజం పెట్టింది చిన్నతాత కొడుకులు ఇద్దరు. తరవాత గ్యాంగులో పనిచేసినవాళ్లు, వాళ్లలో మన సంఘంవాళ్లు కానివాళ్లే ఎక్కువ. కబురు ఎలా వెళ్లిందో, కొండ మీంచి సవరవాళ్లు వచ్చారు, మా అరుగు మీద గంజి తాగినవాళ్ల కొడుకులు. ఇంటి నుంచి ఈ తోట దాకా ఎంత దూరం? ఆ కాస్త దూరంలో భుజాలు ఎన్నిసార్లు మారాయో నేను లెక్కపెట్టలేకపోయాను. నాకు ఇరవై మూడేళ్లు అప్పుడు. మామ్మ అరుగు మీద కూర్చుని చూస్తూ, "అత్తా, చూడు, చూడు" అని తనలో తను అంటోంది. ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. యాభై ఒక్క ఏళ్ల కిందట అత్తగారు అడిగినదానికి ఆ రోజు జవాబు వచ్చింది.

కొవ్వొత్తుల గురించి కుర్రవాళ్లు అడుగుతున్నారు, దాటేస్తే బాగోదు. సమాధుల దగ్గర దీపం పెట్టడం వాక్యమా, అని. మనం చనిపోయినవాళ్లకి ప్రార్థన చెయ్యం. వాళ్లని మనకేదో ఇమ్మని అడగం. వాళ్లని మనకిచ్చినందుకు దేవుణ్ణి స్తుతిస్తాం, పునరుత్థానం ఉందని ఆ చీకట్లో నిలబడి చెప్పుకుంటాం. ఇంతకు మించి అందులో ఏమీ లేదు, ఉంటే మానెయ్యండి. నా బాధ వేరే. గ్రానైటు గురించి నా బాధ. బతికుండగా ముసలాయన ఒక్కడే వంట చేసుకుని తిన్నాడు, పోయాక లక్ష రూపాయలు పెట్టి నల్ల గ్రానైటు. ఎవరినీ వేలెత్తి చూపించడం లేదు. ముందు నా సంగతే చెప్తాను.

1989లో మామ్మ మంచం పట్టినప్పుడు నేను బరంపురంలో ఉద్యోగం చేస్తున్నాను. ఊళ్లోవాళ్లకి సెలైను పెట్టే చెయ్యి నాది. "డ్యూటీ మారగానే వస్తాను" అని కబురు పంపాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నాలుగోసారి వచ్చేసరికి మామ్మ మాట పడిపోయింది. చెయ్యి పట్టుకుంటే పట్టుకుంది. కిటికీ వైపు చూస్తూ పెదాలు కదుపుతోంది, చెవి పెట్టి విన్నాను, మాట రావడం లేదు, ఊపిరే. నేను కూర్చుని 121వ కీర్తన చదివాను. రెండో వచనం దగ్గర నా చెయ్యి నొక్కింది. అది నాకు దేవుడు ఉంచిన దయ. కానీ అడగాల్సినవి ఎన్ని ఉన్నాయి నా దగ్గర! ఆ సెలవులు ముందే పెట్టుంటే ఎన్ని అడిగేదాన్ని! ఇక్కడ మీలో అవ్వ, తాత ఇంకా బతికున్నవాళ్లు ఉన్నారు. విశాఖపట్నంలో, హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ పండక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. సోమవారం బండికి టికెట్టు తీసుకున్నారు, తెలుసు. ఈ రాత్రి, రేపు మధ్యాహ్నం, ఫోను తీసి వాళ్ల ముందు పెట్టి రికార్డు నొక్కండి. మా నాన్న పుట్టినప్పుడు ఇంట్లో ఏముందో చెప్పు మామ్మా, అని అడగండి. మొదటిసారి ఈ గుడికి ఎవరితో వచ్చావు తాతా, అని అడగండి. వాళ్లు ముందు "ఏముంది చెప్పడానికి" అంటారు. కూర్చోండి. కాసేపటికి చెప్తారు.

ఇక చివరిది. దీనికోసమే నేను అయ్యగారిని ఈ అవకాశం అడిగాను.

ఈస్టర్ తెల్లవారుజామున మామ్మ ఎప్పుడూ ఒక కొవ్వొత్తి ఎక్కువ తెచ్చేది. అందరి సమాధుల దగ్గరా పెట్టాక, తూర్పు గోడ దగ్గరికి వెళ్లి, కానుగ చెట్టు మొదట్లో ఆ ఒక్కటీ పెట్టేది. అక్కడ రాయి లేదు, మట్టి దిబ్బ కూడా లేదు. "అక్కడెవరూ లేరు కదా మామ్మా?" అని అడిగాను ఒకసారి. "ఉన్నారులే, పోయి ఆడుకో" అంది. మిగిలిన కొవ్వొత్తి అలా పెట్టేస్తోందనుకున్నాను. తాత మాత్రం ఆ వైపు వెళ్లేవాడు కాదు. మామ్మ పోయాక అక్కడ ఎవరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ముప్పై నాలుగేళ్లు.

తాత బైబిలు నా దగ్గరే ఉంది. ముందు పేజీల్లో ఇంటిల్లిపాది పుట్టిన తేదీలు, బాప్తిస్మాలు, పెళ్లిళ్లు తాత రాసుకున్నాడు. రాత్రి బడిలో నేర్చుకున్న చదువు, అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా ఉంటాయి. అవన్నీ చదివాననే అనుకున్నాను. పోయిన ఏడాది మనవరాలు అలా అడిగాక మనసు ఆగక ఆ బైబిలు తీసి, కుట్లు ఊడిపోతుంటే బైండింగు చేయించడానికి ఇచ్చాను. పాత అట్ట ఊడదీస్తే దానికి అతుక్కుపోయిన పేజీ ఒకటి విడివడింది. దాని మీదా తాత రాత ఉంది. అది చదివాక నేను కానుగ చెట్టు దగ్గరికి వెళ్లాను. పట్టపగలు ఒక్కదాన్నీ వెళ్లి కూర్చున్నాను.

ఇవాళ పొద్దున అక్కడ చిన్న రాయి పెట్టాం, మీలో కొందరు చూసి, ఎవరిదని అడిగారు. సాయంత్రం చెప్తానన్నాను. నేను చెప్పను. మనవరాలు చెప్తుంది. పోయిన వేసవి నుంచి రోజూ రాత్రి వీడియో కాల్‌లో అక్షరాలు దిద్దించాను. గుణింతాలయ్యాయి, ఒత్తులు ఇంకా తడబడుతుంది, మీరెవరూ అందించొద్దు. నిదానంగా చదవనివ్వండి.

రా తల్లీ. ఇలా రా. మైకు కిందికి దించండి బాబూ, కొంచెం. ఇదిగో, ఇక్కడి నుంచి. మా తాత ఎలా రాశాడో అలాగే చదువు.

(పాప చదివింది.)

"1934 శ్రావణం. ఆడపిల్ల పుట్టింది. మూడు రోజులుంది. పేరు పెట్టలేదు. తూర్పు గోడ దగ్గర కానుగ మొక్క పక్కన నేనే పెట్టాను. మా ఇంటిది రోజూ చీకటితో అక్కడికి పోయి వస్తోంది. నేను నిద్రపోతున్నట్టు ఉంటున్నాను."